మిలట్రీ హెడ్‌ఫోన్లో మా అక్క గొంతు

రాయగడ బజార్లో మాది కిరాణా కొట్టు. మా తాత విజయనగరం వైపు నుంచి ఉప్పు బస్తాలు తోలుకుంటూ వచ్చి, తిరిగి వెళ్లడానికి బద్ధకించి ఇక్కడే ఉండిపోయాడని మా నాన్న అంటుండేవాడు. ఇంట్లో ఎవరికీ పెద్ద చదువులు రాలేదు గాని సరుకు చూడటం మాత్రం అందరికీ వచ్చింది. చింతపండు ముద్దను వేలితో నొక్కి లోపల గింజ ఏపాటి ఉందో చెప్పేవాణ్ణి. నూనె తీసే వలిసె గింజలు గుప్పెట్లోకి తీసుకుని ఊదితే మట్టి ఎంతో, గింజ ఎంతో తెలిసిపోయేది. సంతలో నేను బేరానికి కూర్చుంటే పక్క కొట్టువాళ్లు తమ బేరం ఆపి మరీ వినేవారు. అలాంటివాణ్ణి ఒక హెడ్‌ఫోను దగ్గర దెబ్బతిన్నాను. అమ్మినవాడు నన్ను మోసం చేయలేదు. చేసుంటే బాగుండేది, ఇన్నేళ్లుగా తిట్టుకోవడానికి నేను కాక ఇంకో మనిషైనా మిగిలేవాడు.

మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కరెంటు మా ఊళ్లోకి వచ్చిన కొత్తలో, కొట్టు పక్కనున్న ఇరుకు గదిలో నేను మైకు సెట్టు వ్యాపారం పెట్టాను. ఆంప్లిఫైయరు, చెట్లకు కట్టే రెండు హారన్ స్పీకర్లు, మైకులు, రికార్డులు తిప్పే మిషను. పెళ్లిళ్లకు, నాటకాలకు, ఎలక్షన్ మీటింగులకు అద్దెకిచ్చేవాణ్ణి. మా నాన్నకు ఆ వ్యాపారం మీద గౌరవం లేదు.

"మావోడు గాలి అమ్ముతున్నాడు," అనేవాడు కొట్టుకొచ్చినవాళ్లతో. "తూకం నేదు, కొలత నేదు. ఇనీసి ఎలిపోతారు."

రికార్డులు కూడా అమ్మడం మొదలుపెట్టాక ఆయన నోరు కొంత తగ్గింది. రికార్డుల కంపెనీకి విజయనగరంలో ఏజెంటు ఒకాయన ఉండేవాడు. ఏడాదికోసారి మా ఊరొచ్చి, కొత్త రికార్డులు అంటగట్టి, మా కొట్లో జీడిపప్పు నములుతూ కూర్చుని వెళ్లేవాడు.

ఆ రోజుల్లోనే మా అక్క నారాయణపట్నలోని అత్తారింటి నుంచి పుట్టింటికి వచ్చేసింది.

అక్కను ఇచ్చింది కూడా వ్యాపారస్తుల ఇంటికే. కొండల మీంచి దిగే చింతపండు, పసుపు, వలిసెలు కొని మైదానానికి పంపేవారు. సంతరోజుల్లో మగవాళ్లు బేరాల్లో ఉంటే కాటా దగ్గర అక్కను నిలబెట్టేవారు. ఒక సంతలో కొండమనిషి ఒకామె పసుపు గంప దించి, ఎంత తూగిందని అడిగింది. అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆ ఇంట్లో కాటా చెప్పేది ఒకటి, మనిషి చెప్పేది ఇంకొకటి. ఆ సంగతి కోడలికి ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో మాత్రం ఆ రెండూ ఒకటేనా అని నన్నడక్కండి. మా అక్కను చిన్నప్పుడు కాటా దగ్గరికి రానివ్వలేదు, అంతే.

దానికి వాళ్లు అక్కను కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేశారు. అత్తగారు, మామగారు, ఆడపడుచు, మా బావతో సహా. ఆమెతో పనిబడితే, ఆమె అక్కడే నిలబడి ఉండగా, పనిమనిషి వైపు తిరిగి "ఆవిడికి సెప్పు, పాలు దించమని" అనేవారు. పనిమనిషి లేకపోతే గోడకు చెప్పేవారు. అలా ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాయి. ఉగాదికి పుట్టింటికొచ్చిన అక్క తిరిగి వెళ్లనంది.

మా అమ్మ పోయాక ఇంట్లో ఆడవాళ్ల పెత్తనం మా మేనత్తది. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. వంటింటి గుమ్మంలో అక్కను కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టింది.

"ఏటమ్మి, సెయ్యి సేసుకున్నారా?"

"నేదత్తా."

"తిండెట్టనేదా?"

"ఎట్టేరు."

"మరేటి నీకు లోటు?"

అక్క చెప్పింది. "మాటాడకపోతే మంచిదే గదే. మాటలు పడక్కర్నేదు," అంది మా మేనత్త. ఆవిడ వేళాకోళానికి అనలేదు. ఆవిడ పడిన మాటల లెక్కలో అది నిజంగా లాభమే.

కొన్నాళ్లకు మా బావ తరఫున పెద్దమనుషులు వచ్చారు. శ్రావణంలోగా పిల్లను దిగబెడితే సరి, లేకపోతే ఇక ఎప్పటికీ పంపనక్కర్లేదన్నారు. మా కొట్లోకి చింతపండు వచ్చేది ఆ ఇంటి నుంచే. ఆ మాట వాళ్లు అనలేదు, మా నాన్నా అనలేదు. వ్యాపారస్తుల మధ్య కొన్ని మాటలు నోటితో అనక్కర్లేదు.

అక్క పాడేది. చుట్టాల ఇళ్లలో పెళ్లంటే అప్పగింతల పాటలకు ముందు ఆమెకు కబురు వచ్చేది. పెద్ద గొంతు కాదు. బెల్లప్పాకం తీగలాంటి గొంతు. సన్నగా సాగుతుంది, ఎంత లాగినా తెగదు. నారాయణపట్న నుంచి వచ్చిన తొలివారాల్లో అసలు నోరు విప్పలేదు. తర్వాత ఒకనాడు పెరట్లో మినప్పప్పు చెరుగుతూ, ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టింది. సరిగ్గా ఆ పూట ఏజెంటు మా కొట్లో ఉన్నాడు. జీడిపప్పు నమలడం ఆపేశాడు.

"ఎవరయ్యా అది?"

"మా అక్కండి."

"పెళ్లిపాటలకి గిరాకీ ఉందయ్యా. మద్రాసులో గొంతులున్నాయిగాని వాటిలో పెళ్లి ఉండదు." మళ్లీ జీడిపప్పు అందుకున్నాడు. "ఆషాఢంలో నేను మద్రాసు వెళ్తాను. ఈలోగా డోలకు, హార్మనీ పెట్టి మంచిగా టేపు చేసి పట్రా. నా మనసుకు పడితే ఆవిణ్ణి పిలిపించే పూచీ నాది."

ఆ సాయంత్రం నేను మా నాన్నతో బేరం పెట్టాను. ఆయన నడవాలో కూర్చుని గోనెసంచి కుట్టుకుంటున్నాడు. అక్క తలుపు చాటున ఉంది.

"పిలుపొస్తే ఉంటాది," అన్నాడు చివరికి. "కంపెనీవోళ్లు పిలిసిన పిల్లని ఎల్లీ ఎల్లీమని తరమలేం. పెద్దమనుషులకీ సెప్పుకోడానికి ఓ మాటుంటాది. రాకపోతే శ్రావణంలో నానే దిగబెట్టేస్తాను. సరేనా?"

"సరే."

"ఇంకోటి. హారన్లో ఎయ్యడానికి నేదు. మొగుడింటికి ఎల్లకుండా పాటలు పాడుకుంటందని సంతకొచ్చినోళ్లు నారాయణపట్న దాకా మోసుకెల్తారు."

ఒప్పుకున్నాను. మా అక్క జీవితం మీద ఇద్దరం అలా చేతులు కలిపాం. తలుపు చాటున ఉన్న మనిషిని సరేనా అని ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

టేపు మిషను దొరికింది. మా ఊరికి దగ్గర్లో తెరుబలిలో ఫ్యాక్టరీ కట్టుబడికొచ్చిన ఇంజనీరు ఒకాయన బదిలీ అవుతూ సామాన్లు వదిలించుకుంటున్నాడు. స్పూలు టేపు మిషను, చెక్కపెట్టెలో, బరువుగా, దర్జాగా ఉంది. లోపలి స్పీకరు కాగితాన్ని ఎలుకలు కొట్టేశాయి. ఆ లోపం పట్టుకుని నేను ఇంజనీరును ఎంత సతాయించానంటే, ఆయన చివరికి మిషనుతో పాటు ఒక స్టూలు కూడా ఇచ్చి పంపాడు. ఇంటికొచ్చేదాకా ఆ స్టూలు చూసుకుని మురిసిపోయాను. స్పీకరు లేని మిషను కాబట్టి, హారను వాడకూడదు కాబట్టి, ఇక మిగిలింది హెడ్‌ఫోను.

దాని కోసం విశాఖపట్నం వెళ్లాను. హార్బరు వైపు పాత మిలట్రీ సామాన్ల కొట్లు కొన్ని ఉండేవి. యుద్ధం అయిపోయి చాలా ఏళ్లయినా ఆ సరుకు ఇంకా తరగలేదు. మా ప్రాంతంలో మిలట్రీ అన్న మాటకు అప్పట్లో తిరుగులేదు. మిలట్రీ కంబళి, మిలట్రీ బూటు, మిలట్రీ డబ్బా. మా నాన్న దేవుడి మీద ఒట్టు నమ్మేవాడు కాదు గాని, మిలట్రీ కంబళి అంటే కళ్లు మూసుకుని కొనేవాడు.

కొట్టు ముసలాయన ఒక నల్లటి హెడ్‌ఫోను తీసి, దుమ్ము దులిపి, నా తలకు తగిలించాడు. తీగ చివర్ని చిన్న ఆంప్లిఫైయరుకు గుచ్చి, మైకు పుచ్చుకుని కొట్టు వెనక్కి వెళ్లి మాట్లాడాడు. ఆయన గొంతు నా పుర్రెలో కూర్చుని మాట్లాడినట్టు వినిపించింది. పళ్ల సందుల్లోంచి వచ్చే గాలితో సహా.

"బాంబులు పడతా ఉంటే దీంట్లోనే కబుర్లిన్నారు బాబూ," అన్నాడు తిరిగొచ్చి. "ఒక్క ముక్క పోలేదు."

"ఇప్పుడు బాంబులెక్కడివి? ఇంకెవడు కొంటాడు దీన్ని?"

"నువ్వు."

అడిగినదాన్లో సగానికి తక్కువ చెప్పాను. ఆయన కొట్టు కప్పు వైపు చూశాడు. కొంచెం దిగాడు. నేను లేచి రెండడుగులు వేశాను. ఇంకొంచెం దిగాడు.

"ఇంతకీ నువ్వు దీంట్లో ఏటింటావు?" అని అడిగాడు.

"పాట. పాట రికార్డు చేస్తాను."

"పాటా?" అన్నాడు. హెడ్‌ఫోను చేతిలోకి తీసుకుని, ఆ డిప్పను ఒకసారి గోటితో తట్టి, "పాటకైతే బాబూ..." అని మొదలుపెట్టాడు.

అమ్మేవాడు గుక్క తిప్పుకుని రెండోమాట అందుకున్నప్పుడు దాన్ని పూర్తికానివ్వకూడదు. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. ధర పెంచడానికే ఆ రెండోమాట వస్తుంది. నేను వెంటనే నా మాట అడ్డుపెట్టి, బయట రిక్షా ఆగి ఉందని అబద్ధమాడి, ఇస్తే ఇయ్యి లేకపోతే లేదన్నాను. ముసలాయన నోరు మూసుకుని, పాత గుడ్డలో చుట్టి ఇచ్చేశాడు. రైల్లో వస్తున్నంతసేపూ ఆయన రెండోమాటను ఎలా తుంచానో తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

మా గిడ్డంగి వెనక గది రికార్డింగుకు పనికొచ్చింది. నాలుగు వైపులా బియ్యం బస్తాలు, పైన గోనెపట్టాలు. బజారు రొద లోపలికి రాదు. మధ్యాహ్నం భోజనాలకు కొట్టు కట్టేశాక మొదలుపెట్టేవాళ్లం. హార్మనీకి నాటకాల్లో వాయించే మాస్టారు ఒకాయన. డోలకుకు ఆయన జట్టులోనివాడే, మున్సిపాలిటీలో వీధి దీపాలు చూసే మనిషి. చెయ్యి మంచిది, నోరు ఇంకా మంచిది. అక్క ముందు ఒక మైకు, వాళ్లిద్దరి మధ్యా ఒక మైకు. రెండు తీగలూ ఒక చిన్న పెట్టెలోకి వచ్చి, అక్కణ్ణుంచి ఒక్కటిగా టేపు మిషనులోకి వెళ్తాయి. ఆ పెట్టెకు రెండు నాబులు. ఎడమది తిప్పితే అక్క గొంతు, కుడిది తిప్పితే వాద్యాలు. రెండూ ఒకసారి కలిసి టేపు మీదికి ఎక్కాయంటే మళ్లీ విడదీయడం కుదరదు. పాలల్లో నీళ్లలాంటి వ్యవహారం. కాబట్టి పాట నడుస్తుండగానే ఎంత పాలు ఎంత నీళ్లు అన్నది తేల్చుకోవాలి. తేల్చాల్సింది హెడ్‌ఫోను పెట్టుకున్న నేను.

మొదటిసారి అక్క పల్లవి అందుకున్నప్పుడు నా చేతులు నాబుల మీద ఆగిపోయాయి. ఆ గొంతు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అయినా అంత దగ్గరగా ఎన్నడూ వినలేదు. మాటకు మాటకు మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం, పెదవి తడుపుకోవడం, చేతి గాజు మైకు కర్రకు తగలడం, అన్నీ వినిపించాయి. డోలకు మాత్రం ఎక్కడో పక్కింట్లో అప్పడాల కర్ర ఆడుతున్నట్టుంది. కుడి నాబు కొంచెం పెంచాను. ఎడమది కొంచెం తగ్గించాను.

పాటయ్యాక వెనక్కి తిప్పి మాస్టారికి వినిపించాను. ఆయన జుట్టు చెదరకుండా జాగ్రత్తగా హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్లు చికిలించి విన్నాడు.

"అమ్మాయి గొంతు బాగుందయ్యా. బాగుంది. మా బేసు ఏదీ? ఇంత పెట్టె మోసుకొచ్చింది ఈ కీచుకీచు కోసమేనా?"

తర్వాత డోలకాయన పెట్టుకున్నాడు. కాసేపు విని హెడ్‌ఫోను తీసి దాని లోపలికి చూశాడు, తన డోలకు అందులో ఎక్కడైనా పడిపోయిందేమోనన్నట్టు.

"ఇది నా దెబ్బేటి బావూ? దోమని కొట్టినట్టుంది. మా ఆవిడ ఇంటే ఇంటికి రానీదు."

"కొంచెం పెంచుతాలే."

"కొంచెమేటి, బేరవా? పెళ్లి డోలకు వీధి సివరికి ఇనబడాల."

మళ్లీ రికార్డు చేశాం. మళ్లీ విన్నారు. కుడి నాబు ఇంకొంచెం. మళ్లీ. చుట్టాల మధ్య పంపకాలు చేసే పెద్దమనిషిలాగా నేను ఇటునుంచి తీసి అటు వేస్తూ పోయాను. అన్నిటికన్నా చిత్రం, వాళ్లు అన్నది అబద్ధం కాదు. ఆ హెడ్‌ఫోన్లో నా చెవికి కూడా అలాగే ఉంది. ఎంత తీసినా అక్క గొంతు ఇంకా ముందే నిలబడి ఉంది. ఎంత పోసినా డోలకు ఇంకా చాలనట్టే ఉంది.

ఒక పూట పాట మధ్యలో అక్క చెయ్యి చాపింది. "ఓపాలి నాకెయ్యిరా. ఎలాగుందో ఇంటాను."

గుమ్మంలో కాపలా కూర్చున్న మా మేనత్త లేచి నిలబడింది. "ఓలమ్మ, నీ గొంతు నువ్వింటావేటే? కొండల్లో కేకేస్తే తిరిగొచ్చిన గొంతు మళ్లీ మన్ది కాదు. ఇన్నోళ్ల గొంతు ఇంక ఆళ్లకి దక్కదు. మా అమ్మ సెప్పేది."

మాస్టారు కూడా తల ఊపాడు. పాడేవాళ్లు తమ పాట వింటే తర్వాత పాటలో భయం పుడుతుందని ఆయన వాదం. నాకు ఈ రెండిట్లోనూ నమ్మకం లేదు. అయినా మద్రాసు పిలుపు రాకముందే గొంతు పోయిందన్న మాట ఇంట్లో పుట్టడం ఎందుకని, హెడ్‌ఫోను నా తల మీదే ఉంచుకున్నాను. అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, తర్వాతి పాట ఏదని అడిగింది.

అందరికీ తృప్తయిన టేపును చివరగా మా నాన్న విన్నాడు. బస్తా మీద కూర్చుని, ఆ నల్ల డిప్పలు చెవులకు చేతులతో అదుముకుని, అప్పగింతల పాట మొత్తం విన్నాడు. తీసి, పంచె కొంగుతో తుడిచి నా చేతికిచ్చాడు.

"ఇలా పాడతాదేటి?" అని అడిగాడు.

అది ఆయన కూతురి గొంతు. ఇరవై ఏళ్లు ఆయన ఇంట్లోనే పాడింది.

ఆషాఢం మొదట్లో టేపు మిషను మోసుకుని విజయనగరం వెళ్లాను. ఏజెంటు ఇంట్లో ముందుగదిలో పెద్ద రేడియోగ్రాం ఉంది, బీరువాంత. దాని కింది భాగమంతా స్పీకరే. ఆయన పనివాణ్ణి పిలిచి మిషను తీగ దానికి తగిలించమన్నాడు. నేను టేపు ఎక్కించి, మీట నొక్కి, గొప్ప సరుకు మూట విప్పినవాడిలా వెనక్కి వాలి కూర్చున్నాను.

డోలకు పడింది. గది అద్దాలు అదిరాయి. దాని వెనకే హార్మనీ బేసు వరదలాగా వచ్చి గదిని ముంచేసింది. ఆ వరదకు అవతలి ఒడ్డున ఎవరో ఆడమనిషి ఉంది. పిలుస్తోందో, ఏడుస్తోందో, పాడుతోందో తెలియలేదు.

ఏజెంటు కొంచెంసేపు మర్యాదగా విన్నాడు. తర్వాత తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. పాటయ్యాక అన్నాడు, "ఈ డోలకు ఎవరిదయ్యా?"

"మా ఊరాయనేనండి. మా అక్క గొంతు..."

"చెయ్యంటే అదీ. మద్రాసులో ఇప్పుడు ఇలాంటి మోటు దెబ్బే కావాలంటున్నారు."

"అక్క గొంతు టేపులో సరిగ్గా పడలేదండి. మీరు ఆవేళ పెరట్లో విన్నారు కదా."

"విన్నాను. చెరిగేటప్పుడు బాగానే ఉంది. వాద్యం ముందు ఆగలేదు, ఏం చేస్తాం? కొన్ని గొంతులు ఇంటి గొంతులయ్యా."

ఈ బేరం నాది. ఇంతకన్నా ముదుర్లను లొంగదీసినవాణ్ణి. గబగబా సంచిలోంచి హెడ్‌ఫోను తీశాను. "దీంట్లో ఒక్కసారి వినండి. మొత్తం తెలుస్తుంది. ఒక్క చరణం."

మొహమాటానికి పెట్టుకున్నాడు. విన్నాడు. కనుబొమలు పైకి లేచాయి. "అవును," అన్నాడు. "దీంట్లో బ్రహ్మాండంగా ఉంది." తీసి నా ఒళ్లో పెట్టాడు. "రికార్డు కొన్న ప్రతివాడికీ ఇదొకటి అమ్ముతావా మరి?"

తీగ చుట్టి హెడ్‌ఫోనును సంచిలో పెట్టుకున్నాను. సంతలో నా బేరం వినడానికి ఆగేవాళ్లెవరూ ఆ గదిలో లేకపోవడం ఒక్కటే నా అదృష్టం.

పార్వతీపురం దాటి కొండలు మొదలయ్యేసరికి లెక్క తేలింది. ఆ హెడ్‌ఫోను వైర్‌లెస్సులో మాటలు వినడానికి చేసింది. మనిషి గొంతు పలికే మేరను పట్టుకుని ముందుకు తోస్తుంది, డోలకులాంటి కింది స్థాయి చప్పుళ్లను గాలికొదిలేస్తుంది. గొంతు ఎక్కువ వినిపించిందని నేను తగ్గించాను. డోలకు వినపడలేదని పెంచాను. ఉన్నదాన్ని లేదనుకుని, లేనిదాన్ని ఉందనుకుని తూకం వేశాను. ఇంకా విడ్డూరం, మా ఊరు తిరిగొచ్చాక మా నాన్నతో గొడవపడి, తెగించి ఒకసారి గిడ్డంగి లోపల మెల్లగా హారన్లో వేసి చూస్తే, దాంట్లోనూ అక్క గొంతే ముందు వినిపించింది. హారను కూడా మాటల సరుకే. మా ఊళ్లో నా దగ్గరున్న పనిముట్లన్నీ ఉపన్యాసాలకు తయారైనవి.

"మళ్లీ సేద్దాం," అన్నాను మా నాన్నతో. "ఈపాలి హెడ్‌ఫోను లేకుండా."

"ఏజెంటు మళ్లీ ఎప్పుడొస్తాడు?"

"వచ్చే ఏడు."

"నారాయణపట్నవోళ్లు వచ్చే ఏడు దాకా ఆగుతారేటి?" ఆయన గొంతులో కోపం లేదు. "నువ్వు సెయ్యి కలిపేవు. నాను కలిపేను. ఇంకేటి?"

ఏజెంటు పిలిపించడంతో డోలకాయన మద్రాసు వెళ్లిపోయాడు. వెళ్లేముందు కొట్టుకొచ్చి, అక్కకు దండం పెట్టి, "అమ్మా, నీ పాట పుణ్యవే," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అక్క అతనికి దారిలో తినడానికి చేగోడీలు కట్టి ఇచ్చింది.

అక్కను దిగబెట్టే రోజు పొద్దున్న, పెట్టె కట్టుకోవడం అయ్యాక, నా మైకు గదిలోకి వచ్చింది. "ఇప్పుడు ఇనొచ్చునేటి?" అని అడిగింది. మా మేనత్త గుమ్మంలోనే ఉంది. ఏమీ అనలేదు. ఇక పోవడానికి ఏముందని కాబోలు.

నేను స్టూలు జరిపి, టేపు ఎక్కించి, హెడ్‌ఫోను ఆమె తలకు పెట్టాను. కొప్పుకు అడ్డం పడుతుంటే తనే సర్దుకుంది. విజయనగరం నుంచి వచ్చినప్పటి నుంచీ నేను ఒకే మాట పట్టుకుని ఏడుస్తున్నాను: ఒక్కసారి ఈ మనిషిని విననిచ్చుంటే, పాడే చెవి కాబట్టి, లోపం తను పట్టేసేదని. ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. పాట అయ్యింది. తీసి చేతిలో పెట్టింది.

"బానే పాడేను గదరా," అంది. తర్వాత కొంచెం ఆలోచించి, "డోలకు ఇంకాస్త ఉంటే బాగుండును," అంది.

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. చెప్పాను. వైర్‌లెస్సు సంగతి, ఏజెంటు గదిలో అదిరిన అద్దాల సంగతి, అన్నీ. నవ్వుతుందనుకున్నాను. ఆమె హెడ్‌ఫోను వైపు చూసింది.

"అయితే ఈ పాట ఇది తలకెట్టుకున్నోళ్లకే ఇనబడింది. ఇంకెవులికీ ఇనబడదు."

"అంతే."

"సరే," అని లేచింది.

ఆ చలికాలం, చింతపండు కొత్త పంట గురించి మాట్లాడటానికి మా నాన్న నన్ను నారాయణపట్న పంపాడు. బస్సు దిగి వెళ్లేసరికి వాళ్ల ఇంట్లో అందరూ ఉన్నారు. మా బావ ఎదురొచ్చి చేతిలో సంచి అందుకున్నాడు. అక్క అత్తగారు పనిమనిషి వైపు తిరిగి, "ఆవిడికి సెప్పు, ఆళ్ల తమ్ముడొచ్చేడు," అంది. అక్క అక్కడే, అరుగు మీద, పసుపు కొమ్ములు ఏరుతూ కూర్చుని ఉంది. తలెత్తి నన్ను చూసి, మళ్లీ ఏరుకుంది. "బాగున్నావా అక్కా" అన్నాను. "ఊఁ" అంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఇంట్లో గొంతు అంతకన్నా పెద్దది అవసరం లేదు.

ఆమెతో ఇంకేమైనా మాట్లాడదామని చూశాను. మధ్యలో ఎవరో ఒకరు వచ్చి కూర్చున్నారు. కాఫీ ఇచ్చారు, భోజనం పెట్టారు. సంతల కబుర్లు, వానల కబుర్లు, మా నాన్న ఆరోగ్యం. మామగారితో చింతపండు బేరం గట్టిగానే నడిచింది. గింజ ఎక్కువుందని నేను, లేదని ఆయన. చివరికి నాకు అనుకూలంగానే కుదిరింది. నిజం చెప్పాలంటే, ఆ పూటంతా ఆ ఇంట్లోవాళ్లు నాతో ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు.